ఏడాదికోసారి అసలు రూపం

కోరుకొండలో మా పెరటి చింతచెట్టు కింద ఉండే టాటా 207ని కంపెనీవాళ్లు చేసి పంపిన రూపంలో చూడాలంటే ఏడాదిలో ఒక్కరోజే వీలవుతుంది. అది ఫిట్‌నెస్ రోజు. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించుకోవాలని రూలు. మా బండికి ఎనిమిదేళ్లు ఎప్పుడో దాటాయి. నంబరు ఏపీ 5తో మొదలవుతుందంటేనే దాని వయసు తెలిసిపోతుంది. 2019లో కొత్త బళ్లకి రాష్ట్రమంతా ఏపీ 39 మొదలైంది కదా. ఆ ఒక్కరోజూ పోగా మిగతా ఏడాదంతా అది మా బావమరిది రూపంలో ఉంటుంది.

బావమరిది అంటే మా ఆవిడ తమ్ముడు. ఈ బండికి ఓనరుని నేను, వాయిదాలు కట్టింది నేను. తోలేది వాడు, మార్చేది వాడు. బండి కొనడంతో పని అయిపోతుందని నేననుకుంటాను. అక్కణ్ణుంచే మొదలవుతుందని వాడంటాడు.

టాటావాళ్లు 1988లో టాటామొబైల్ అని ఒక పికప్ తెచ్చారు. ఆ వంశంలోదే 207. దీని డీఐ మోడలుకి నాలుగు సిలిండర్లు, 2956 సీసీ ఇంజను. 2005లో వచ్చిన ఏస్‌కి రెండే సిలిండర్లు, 702 సీసీ. అయినా ఊళ్లో కిరాయిలన్నీ ఏస్‌వాళ్లే ఎగరేసుకుపోతారు. ఏస్ సందులోకి దూరి గుమ్మం ముందు ఆగుతుంది. మాది సందు మొదట్లో ఆగి హారన్ కొడుతుంది, సామాను మనుషులు మోసుకురావాలి. ఈ అవమానం మా వాడి గుండెల్లో దిగిపోయింది. "దానికి లేనిది మనకుంది బావగారూ, బలం. ఆ బలం బయటికి తియ్యాలండి," అన్నాడు. దానికి ముందు బయటికి తియ్యాల్సింది నా బీరువా తాళాలని అప్పుడు చెప్పలేదు.

గోదావరి జిల్లా అనగానే కాలవలూ, వరిచేలూ, గట్ల మీద కొబ్బరిచెట్లూ అనుకుంటారు పైవాళ్లు. కోరుకొండది మెట్ట. మాకు మామిడి, జీడిమామిడి, జామాయిల్. అటు రాజమండ్రి ఇరవై కిలోమీటర్ల దూరం, ఇటు గోకవరం దాటితే రంపచోడవరం వైపు మన్యం రోడ్డు. జామాయిల్ కర్ర రాజమండ్రి పేపరు మిల్లు దారి పడుతుంది, మామిడికాయలు మార్కెట్టు దారి. కిరాయి బరువుని బట్టి. కాబట్టి మా ఊళ్లో ఏ పికప్ యజమాని మనసులోనైనా ఉండే ప్రశ్న ఒకటే, ఇంకో రెండు బస్తాలు పడతాయా లేదా అని. కంపెనీవాడు టన్ను పైచిలుకు అని రాస్తే ఆ 'పైచిలుకు' ఎంతో తేల్చుకోవడానికే ఇక్కడ బళ్లు బాగుచేయిస్తారు.

అలా మొదటి పని కమాను కట్టల మీద పడింది. వెనక కట్టకి ఒక్కో పట్టీ అదనంగా వెయ్యాలని తీర్మానం. షెడ్డుకి తీసుకెళితే కూలీ దండగని చింతచెట్టు కిందే పెట్టారు. జాకీ ఎత్తి, చాసిస్ కింద తాటిమొద్దులు తోసి, ముందు చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టారు. యూ బోల్టులు చూస్తే తుప్పుపట్టి నట్టేదో బోల్టేదో తెలియకుండా ఉన్నాయి. రాత్రంతా డీజిల్ పోసి నానబెట్టారు. పొద్దున్నే పానా తగిలించి, పానాకి బోరు గొట్టం తొడిగి, గొట్టం చివర ముగ్గురు వేలాడారు. అది కదల్లేదు. పాలవాడు సైకిలు స్టాండు వేసి, "ఎడమకి తిప్పుతున్నారేటండీ?" అన్నాడు. నిజంగా ఎడమకే తిప్పాలి. కానీ అనుమానం వచ్చి కుడికి తిప్పారు. ఉన్న పట్టు ఇంకా బిగిసింది. మెకానిక్ మేస్త్రి వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా నట్టు నెత్తిన సుత్తితో నాలుగు దెబ్బలు వేసి, గ్యాసు మంట చూపించి, మళ్లీ గొట్టం పట్టుకోమన్నాడు. టప్పున ఒక చప్పుడు. చెట్టు మీద కాకులన్నీ లేచిపోయాయి. ముగ్గురూ ఒకళ్ల మీద ఒకళ్లు పడ్డారు. పాలవాడు మాత్రం, "నే చెప్పలేదేటండీ?" అని సైకిలెక్కి వెళ్లిపోయాడు.

పట్టీ ఎక్కింది. బండి వెనక భాగం జానెడు లేచింది. బరువున్నప్పుడు బాగానే ఉండేది. ఖాళీగా తోలితే మాత్రం గుంట గుంటకీ తల టాపుకి తగిలేది. మా ఆవిడ ఒకసారి ఎక్కి సీతానగరం దాకా వెళ్లొచ్చింది. తిరిగొచ్చి తమ్ముడితో రెండ్రోజులు మాట్లాడలేదు. మా ఇంట్లో ఆ పట్టీ సాధించిన ఒకే ఒక మంచి అది.

మేస్త్రి పోతూ పోతూ ఒక మాట చెప్పాడు, ఎవరూ చెవిన వేసుకోలేదు. ఇలాంటి బళ్లలో చాలావాటికి వెనక ఇరుసు దగ్గర ఒక చిన్న వాల్వు ఉంటుంది. బరువుకి వెనక భాగం కుంగితే ఆ కుంగడాన్ని బట్టి వెనక బ్రేకులకి ఒత్తిడి పెంచుతుంది, ఖాళీగా ఎత్తుగా ఉంటే తగ్గిస్తుంది. అదనపు పట్టీ వేస్తే బండి కుంగదు. పైన జామాయిల్ కర్ర కొండలా ఉన్నా ఆ వాల్వు బండి ఖాళీగా ఉందనే నమ్ముతుంది. "వాల్వు మళ్లీ సెట్టింగు చేయించాలండి," అన్నాడు మేస్త్రి. మా వాడు తలూపాడు. వాడు తలూపిన పని జరిగినట్టు మా వంశంలో దాఖలా లేదు.

వెనక భాగం లేవడం మా ఊరి వింతేం కాదు. అమెరికా కుర్రాళ్లు డబ్బిచ్చి మరీ తల్లకిందులుగా చేయించుకుంటారు. అక్కడ పికప్ ముందు భాగం ఎత్తించి, తోక నేలకి దించుకుని తిరగడం ఒక ఫ్యాషను, కరోలినా స్క్వాట్ అంటారు. డ్రైవరుకి రోడ్డు బదులు ఆకాశం కనబడుతోందని గోల పుట్టి 2021లో నార్త్ కరోలినా దాన్ని నిషేధించింది. ముందు మడ్‌గార్డు వెనకదాని కన్నా నాలుగంగుళాలు ఎత్తుండకూడదని చట్టం చేసింది. ఇది మా వాడికి చదివి వినిపిస్తే, "మనకా ఖర్చు లేదు బావగారూ, ఖాళీగా ఉంటే తోక లేస్తది, లోడు వేస్తే మూతి లేస్తది. రెండు ఫ్యాషన్లూ ఒకే బండిలో అండి," అన్నాడు.

తరవాత లైట్లు. కంపెనీ బల్బు 60/55 వాట్లు. మన్యం రోడ్డులో అది చాలదని 100/90 వేయించాడు. రిలే పెట్టకుండా వేస్తే ఆ కరెంటంతా స్విచ్చి మీదుగానే పోతుంది, స్విచ్చి కరుగుతుంది. కరిగింది. క్యాబిన్ నిండా కాలిన ప్లాస్టిక్ వాసన వస్తుంటే, "కొత్త బల్బు కదండీ, మొదట్లో అలాగే వస్తది," అన్నాడు. అప్పుడు రిలే వేశారు. ఎదురొచ్చే లారీవాళ్లు కిటికీలోంచి తల బయటపెట్టి అనే మాటలు ఇక్కడ రాయడానికి వీల్లేదు.

రివర్సు గేరు పాట సంగతి వేరు. వెనక్కి వెళుతుంటే కీబోర్డు మీద వాయించిన భక్తి గీతం ఊరంతా వినబడుతుంది. మాకు ఫాల్గుణ శుద్ధ ఏకాదశికి కొండ మీది లక్ష్మీనరసింహస్వామి కల్యాణం, తీర్థం. కిరాయిలకి అదే సీజను. ఆ జనంలో మా వాడు బండి రివర్సు తీశాడు. పాట మొదలైంది. జనం దారి ఇచ్చి చేతులు జోడించారు. ఒక ముసలావిడ వెనక డోరు మీద పదిరూపాయల నోటు పెట్టి దణ్ణం పెట్టుకుంది. ఆ ఏడు మాకు ఆ పాట మీద పెట్టిన డబ్బు తిరిగొచ్చేసిందని మా వాడి లెక్క.

పవర్ స్టీరింగు పంపు ఆన్‌లైనులో తెప్పించారు. అది విజయనగరం వెళ్లిపోయింది. అక్కడొక కోరుకొండ ఉంది, 1962లో పెట్టిన సైనిక్ స్కూలున్న ఊరు. కొరియరు కుర్రాడికి కోరుకొండ అంటే అదొక్కటే తెలుసు. వారం తరవాత పంపు వెనక్కి వచ్చింది కానీ అది మా బండిది కాదు, ఇంకేదో పికప్‌ది. మేస్త్రి దాని చెవి కోసి, పట్టీ వెల్డింగు చేసి బిగించేశాడు. ఈ పాటికి ఇంజను టాటాది, స్టీరింగు ఎవరిదో, సీట్లు బొలెరోవి, బాడీ పక్కబల్లలు మా ఊరి వడ్రంగివి. సగం ఒకటి, సగం ఇంకొకటి. నరసింహస్వామి ఊళ్లో దీన్ని తప్పుపట్టే మొహం ఎవరికీ లేదు.

చట్టానికి ఉంది. 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను బండిని కంపెనీ చెప్పిన లెక్కలకి భిన్నంగా మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ కేసులో ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడు చట్టాన్ని సవరించి, అడ్డగోలుగా మార్పించిన ఓనరుకి ఒక్కో మార్పుకీ ఐదువేల జరిమానా, లేదా ఆరునెలల దాకా జైలు, లేదా రెండూ అన్నారు. ముందు బిగించే ఇనుప గార్డులు 2017 చివరే వద్దన్నారు. రాగాలు తీసే హారన్లు అంతకు ముందు నుంచే కూడదు. ఒక ఆదివారం కూర్చుని మా వాడి మార్పులన్నీ వరసగా రాసి ఐదువేలతో హెచ్చవేశాను. వచ్చిన మొత్తం బండి ఖరీదు దాటింది. కాగితం మా వాడికి చూపించాను. వాడు శ్రద్ధగా చదివి, "రెండు మర్చిపోయారండి," అన్నాడు. జైలు ఓనరుకే కాబట్టి వాడికి తొందరేం లేదు.

అందుకే ఫిట్‌నెస్ ముందురోజు మా పెరట్లో పెళ్లి అయిపోయిన మర్నాటి పందిరి వ్యవహారం. గార్డు ఊడుతుంది, బల్బులు మారతాయి, రాగాల హారన్ దిగుతుంది, అదనపు పట్టీ బయటికొస్తుంది. అన్నీ గోనెసంచుల్లో కట్టి మామిడికాయల గదిలో పెడతారు. సాయంత్రానికి బండి మూడొంతులైంది. అమ్మ గుమ్మంలోకి వచ్చి కళ్లజోడు సర్దుకుని, "ఎవరిదిరా ఈ బండి? బాగుందే!" అంది. నిజానికి బాగుంది. పొద్దున్నే రాజమండ్రి వెళుతుంటే గుంటల్లో తల టాపుకి తగల్లేదు, బ్రేకు వేసినచోట ఆగింది, పక్కవాడి మాట వినబడింది. నేను సుఖంగా కునుకు తీశాను. మా వాడికి మాత్రం మనసు మనసులో లేదు. "ఇందులో ఏదో లోటుగా ఉందండి," అంటూనే ఉన్నాడు.

బ్రేక్ ఇన్‌స్పెక్టరు బండి చుట్టూ తిరిగాడు. చాసిస్ నంబరు తుడిచి చూశాడు, వంగి కమాను కట్టల వంక చూశాడు, యూ బోల్టుల మీద తాజా గీతల్ని చూశాడు. మా వాడు ఆకాశం కేసి చూస్తున్నాడు. ఆయన ఏమీ అనలేదు. పికప్పులు తెచ్చేవాళ్లందరి యూ బోల్టులూ ఆ రోజున తాజాగానే ఉంటాయి కాబోలు. వెనకవైపు వెళ్లి, "రిఫ్లెక్టరు టేపేదీ?" అన్నాడు. ఉండేది. దాని మీద 'నన్ను చూసి ఏడవకురా' అని రాయించాం, నిన్న రాత పీకుతుంటే దాంతో పాటు అదీ ఊడింది. ఫస్టెయిడ్ డబ్బా? అందులో ఫ్యూజులు, పక్కన సగం ఖాళీ అయిన పాన్‌పరాగు పొట్లం. ఆయన ముందుకొచ్చి, "వైపర్ వెయ్యండి," అన్నాడు.

మా వాడు స్విచ్చి నొక్కాడు. ఏమీ కదల్లేదు. మళ్లీ నొక్కాడు. ఇన్నేళ్లలో ఇంత ఇనుమూ, ఇంత కరెంటూ ఎక్కించిన ఈ బండికి వైపర్ పనిచేస్తోందో లేదో ఎవరమూ చూడలేదు.

"వర్షం వస్తే ఎలా తోలుతున్నారయ్యా?"

"బంగాళాదుంప ముక్క రుద్దుతామండి అద్దానికి," అన్నాడు మా వాడు, తాను కనిపెట్టిన విద్యలాగా. "నీళ్లు నిలవ్వండి."

ఇన్‌స్పెక్టరు కాగితం మీద రాసి ఇచ్చాడు. వైపర్, టేపు, డబ్బా. మేం దాచడానికి పీకినవాటిలో ఒక్కటీ ఆ కాగితంలో లేదు. అడిగినవన్నీ మేం ఏనాడూ పట్టించుకోనివే.

మా వాడు ఆ కాగితం జేబులో పెట్టుకుని ఆటోనగర్ వెళ్లాడు. చీకటిపడ్డాక వచ్చాడు, మొహం వెలిగిపోతోంది. సంచిలోంచి మోటారు తీసి నా ముందు పెట్టాడు. నా ముంజేయంత ఉంది.

"ఇదేం మోటారురా?"

"బస్సుదండి బావగారూ. పాతదే, చవగ్గా వచ్చింది. తుఫానొచ్చినా ఆగదు."

"బ్లేడు?"

"అదీ బస్సుదే. మన అద్దం కన్నా మూరెడు పొడుగండి." పెరట్లోకి తిరిగి కేకేశాడు, "ఒరేయ్, ఆ రంపం ఇలా తే!"