ఊరికో విజన్, మోటారుకు నో బడ్జెట్

మొత్తానికి నియోజకవర్గానికీ ఒక విజన్ దక్కింది. ప్రభుత్వ విజన్ పత్రం ప్రకారం 2047 నాటికి ఆంధ్రప్రదేశ్ 2.4 లక్షల కోట్ల డాలర్ల ఆర్థిక వ్యవస్థ అవుతుందట, తలసరి ఆదాయం 42 వేల డాలర్లట. తెలంగాణ మాత్రం ఏం తక్కువ తింది? మూడు లక్షల కోట్ల డాలర్లంది. వేలంపాట ఇంకా ముగియలేదు, ఆశగా చూద్దాం.

ఆంధ్రప్రదేశ్ ఏటా 15 శాతం పెరగాలి గనక జిల్లాకూ లక్ష్యం, నియోజకవర్గానికీ లక్ష్యం. 15 శాతమంటే అయిదేళ్లకోసారి రెట్టింపు. వరి పొలాలు, నాలుగు కోళ్ల ఫారాలు, ఒక ఇటుకల బట్టీ తప్ప ఇంకేమీ లేని చోట ఏది రెట్టింపవుతుందో చెప్పే బాధ్యత కింది అధికారిది. అతను చెప్పేస్తాడు కూడా. పైనుంచి వచ్చిన అంకెకు సరిపడా కింద అంకెలు పుట్టించడం మన యంత్రాంగానికి వెన్నతో పెట్టిన విద్య. ఆ అంకెలన్నీ కూడితే మొదట ఇచ్చిన లక్ష్యమే వస్తుంది. దాన్నే కింది నుంచి వచ్చిన ప్రణాళిక అని అచ్చు వేస్తారు.

అసలు ఈ నియోజకవర్గం ఎక్కడి నుంచి ఊడిపడింది? 73వ రాజ్యాంగ సవరణ చెప్పింది గ్రామం, మధ్య స్థాయి, జిల్లా. ఊళ్ల ప్రణాళికలనూ పట్టణాల ప్రణాళికలనూ కలిపి కుట్టేందుకు 243జెడ్‌డి అధికరణ జిల్లా ప్రణాళికా కమిటీని పెట్టింది. అందులో అయిదింట నాలుగు వంతుల మంది స్థానిక సంస్థల సభ్యులు తమలోంచి ఎన్నుకున్నవాళ్లే ఉండాలంది. ప్రణాళికా స్థాయిగా నియోజకవర్గం పేరు ఆ వరుసలో లేదు. అది ఓట్ల లెక్క కోసం గీసిన గీత. అయినా 175 నియోజకవర్గాలకూ విజన్ యూనిట్లు వెలిశాయి, పెత్తనం ఎమ్మెల్యేది. సర్పంచి ఎక్కడ? ఫొటోలో, చివరి వరుసలో.

ఇక వ్యంగ్యం చాలు. ఇది ప్రణాళిక కాదు, పెత్తనం. స్థాయిలు ఒకదానితో ఒకటి అతకాలంటే పైనుంచి డబ్బూ హద్దులూ దిగాలి, కింది నుంచి అవసరాలు ఎక్కాలి. ఇక్కడ దిగేది లక్ష్యం, ఎక్కేది సంతకం. 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకిచ్చిన సొమ్ములో 60 శాతాన్ని నీళ్లకూ పారిశుద్ధ్యానికీ ముందే కట్టేసింది. మిగిలినదానికి గ్రామసభ తీర్మానం కావాలి, కేంద్రం నిర్దేశించిన తొమ్మిది ఇతివృత్తాల్లో ఇమడాలి, పోర్టల్‌లోకి ఎక్కాలి. ఇన్ని గడపలు దాటి వచ్చిన ఆ డబ్బునే 2021లో ఆంధ్రప్రదేశ్‌లో కరెంటు బకాయిల కింద మళ్లిస్తే సర్పంచులు రోడ్డెక్కారు. బోరు మోటారు కాలిపోతే బాగుచేయించడానికి చేతిలో పైసా లేని పంచాయతీకి 2047 దాకా దూరదృష్టి కావాలట!

దూరదృష్టి తప్పా అంటారు. కాదు. చెరువు, కాలువ, రోడ్డు ఒక ఊరి పొలిమేర దగ్గర ఆగవు గనక పై స్థాయి ప్రణాళిక ఉండి తీరాలి. పంచాయతీలకు అంత సామర్థ్యం లేదంటారు. కేరళ 1996లో ఆ సామర్థ్యం వచ్చేదాకా ఆగలేదు. రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు వదిలి, ఆ పని మీదే శిక్షణ ఇచ్చింది. అక్కడా లోపాలున్నాయి. కానీ ఖర్చుపెట్టే చెయ్యే రాసే చెయ్యి అయింది. మన దగ్గర రాసేది ఒకరు, ఖర్చుపెట్టేది ఇంకొకరు, ఓటర్లకు జవాబు చెప్పుకునేది సర్పంచి.

కాబట్టి ఈసారి గ్రామసభలో విజన్ చదివి వినిపిస్తే చప్పట్లు కొట్టకండి. ఇందులో మన పంచాయతీ ఖాతాలోకి వచ్చేదెంత, ఎప్పుడు అని అడగండి. జవాబు రాకపోతే తీర్మానం మీద సంతకం పెట్టకండి.