నా పట్టీ బిగించాక మాట్లాడకండి

నేను బీపీ మిషన్‌ని. నార్సింగిలో, ఔటర్ రింగ్ రోడ్డు కనిపించే ఓ అపార్ట్‌మెంట్‌లో టీవీ కింద సొరుగులో ఉంటాను. నన్ను కొన్నది అబ్బాయి, చుట్టుకునేది వాళ్లమ్మగారు. నేను చూపిన అంకె బ్లూటూత్ మీద ఆవిడ ఫోన్‌కి, అక్కణ్ణుంచి నానక్‌రామ్‌గూడ ఆఫీసులో ఉన్న కొడుక్కీ, న్యూజెర్సీలో ఉన్న కూతురికీ చేరుతుంది.

స్టెతస్కోపు పెట్టి చప్పుడు వినడం నాకు రాదు. పట్టీలో గాలి నింపి, మెల్లగా వదులుతూ, రక్తనాళం కొట్టుకున్నప్పుడల్లా ఆ గాలి ఎంత అదిరిందో చూసి లెక్క కడతాను. కదిలినా, మాట్లాడినా నా లెక్క చెడుతుంది. అమ్మగారికేమో కూతురు ఫోన్ చేసినప్పుడే నేను గుర్తొస్తాను. మంచం మీంచి కాళ్లు వేలాడేసి, “ఇవాళ కూరేం చేశావే?” అంటూనే మీట నొక్కుతారు. 158! అక్కడ కూతురికి కంగారు, ఇక్కడ కొడుక్కి ఫోన్.

వీడియోలో డాక్టరమ్మ మాత్రం కంగారుపడలేదు. “అయిదు నిమిషాలు కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చోండమ్మా. పాదాలు నేల మీద, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద. మాట్లాడొద్దు” అన్నారు. అప్పుడు 146 వచ్చింది. ఇంటి కొలతలో 135/85 దాటితే ఎక్కువ కిందే లెక్క. వారం పాటు రెండుపూటలా కొలిపించి, సగటు చూసి, ఆవిడ వేసుకునే బీపీ మాత్ర ఆంలోడిపిన్‌ని 5 మిల్లీగ్రాముల నుంచి 10కి పెంచారు.

ఇలా తెర మీద వైద్యం చెయ్యడం కొత్త విద్యేం కాదు. 2000 మార్చిలోనే చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో వాళ్లు ఉపగ్రహం సాయంతో టెలిమెడిసిన్ పెట్టి, హైదరాబాద్ వచ్చిన బిల్ క్లింటన్‌తో ప్రారంభం చేయించారు. స్పెషలిస్టు దొరకని పల్లెలో తెర మీది డాక్టరు విలువ వేరే చెప్పక్కర్లేదు. నార్సింగిలో అలా కాదు, బాల్కనీలోకి వస్తే ఆసుపత్రి బోర్డు కనిపిస్తుంది. ఇక్కడ మిగిలేది కొడుకు సగంరోజు సెలవు, పార్కింగ్ తంటా. అదీ తక్కువేం కాదనుకోండి!

వైద్యం మెరుగైందా అంటే, 2018లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన బ్రిటన్ అధ్యయనం ఒకటుంది. ఇంటి కొలతలు చూసి డాక్టర్లు మందు సర్దినవాళ్లకి ఏడాది తిరిగేసరికి పై అంకె మిగతావాళ్లకన్నా సుమారు 3.5 నుంచి 4.7 పాయింట్లు తక్కువగా ఉంది. మందు సర్దేవాళ్లు లేకుండా ఊరికే కొలుచుకుంటే పెద్దగా ఒరిగేదేం లేదు. నా గొప్పంతా అవతలివాళ్ల చేతిలో ఉంది.

మాత్ర పెంచాక 128, 131 చూపించాను. ఫ్యామిలీ గ్రూపు నిండా దండాల బొమ్మలే. ఓ రోజు ఇల్లు తుడుస్తూ పనిమనిషి ఆగింది. “అమ్మా, మెట్టెలు వేళ్లకు కొరుక్కపోతున్నయ్. కాళ్లు ఉబ్బినయ్ గద!” అంది. వీడియోలో అమ్మగారి కాళ్లు ఎవరికి కనిపిస్తాయి? దాంతో ఆసుపత్రికి వెళ్లారు. అక్కడ డాక్టరమ్మ చీలమండ మీద బొటనవేలితో నొక్కితే, వేలు తీశాక కూడా గుంట అలాగే ఉండిపోయిందట. ఇంటికొచ్చి అమ్మగారు కూతురితో చెబుతుంటే విన్నాను. ఆంలోడిపిన్ మోతాదు పెరిగితే కొందరికి పాదాలు వాస్తాయి. మళ్లీ 5కి దించి, పక్కన ఇంకో మందు కలిపారు.

ఇప్పుడు అబ్బాయి అమ్మకి స్మార్ట్‌వాచీ కొంటానంటున్నాడు. కొననీండి. దానికన్నా ముందు, అమ్మని డాక్టరు ఎదుట కూర్చోబెట్టే తేదీ ఒకటి ఆఫీసు క్యాలెండర్‌లో వేసుకోమనండి. మీ ఇంట్లోనూ నాలాంటిదుంటే రేపు కాఫీకి ముందు బయటికి తియ్యండి. ఫోన్ మాత్రం పక్క గదిలో పెట్టి రండి.