గంట రంగు, వారం గోకుడు

కొత్తవలసలో రైల్వే ఉద్యోగం చేసి రిటైరైన ఒక పెద్దాయన పెద్ద పండక్కి ముందు ఇంటి కిటికీలకు రంగులేయించాలనుకున్నారు. కిరండూల్ నుంచి ఇనుప ఖనిజం మోసుకొచ్చే గూడ్సుల లెక్కలు చూసిన మనిషి. కొండల్లో సొరంగాలు తొలిచి 1960ల్లో వేసిన ఆ కేకే లైను మొదలయ్యేది ఈ ఊళ్లోనే. అలాంటాయనకు ఎనిమిది కిటికీలు ఒక లెక్కా? రెండ్రోజుల్లో తేలిపోతుందనుకున్నారు.

పెయింటరు రెక్క మీద గోటితో ఓ గీత గీసి చూశాడు. "రంగెయ్యడానికేటి బాబూ, గంట పని. గోకడానికే పొద్దు సరిపోద్ది" అన్నాడు. మాట్లాడుకున్నది రోజుకూలి కాబట్టి ఆ మాటలో విచారమేమీ లేదు.

గోడైతే రోలరు తోస్తే చాలు. కిటికీ అలా కాదు. 4 అడుగుల ఎత్తు, 3 అడుగుల వెడల్పున్న కిటికీ చూపుకి 12 చదరపు అడుగులే. కానీ సర్కారు కొలతల ప్రమాణం ఐఎస్ 1200 పలకల రెక్కకు ఒక్కోవైపూ 1.30తో హెచ్చవేయమంటుంది, లూవర్ల రెక్కకైతే 1.80తో. లోపలా బయటా కలిపితే 31 దాటింది. ప్రైమరు ఒక కోటు, ఎనామిల్ రెండు కోట్లు కలుపుకుంటే 93 పైచిలుకు. ఎనిమిదింటికీ ఎంతో కాయితం మీద వేసి, ఇంటావిడకు చూపించకుండా మడిచి జేబులో పెట్టుకున్నారు.

గోకుడు మొదలైంది. పైన కాఫీ రంగు, పెద్దమ్మాయి పెళ్లినాటిది. దాని కింద ఆకాశనీలం. ఆ కింద గృహప్రవేశం నాటి చిలకపచ్చ. "ఈ పచ్చే బాగుంది, ఇక్కడితో ఆపెయ్యకూడదా?" అందావిడ. కూడదు. పెచ్చు మీద వేసిన కొత్త రంగు పెచ్చుతోపాటే ఊడొస్తుంది. పైగా పాత ఎనామిల్లో సీసం ఉండొచ్చు. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదని కేంద్రం నిబంధన తెచ్చింది 2016లో. పెద్దమ్మాయి పెళ్లి అంతకు చాలా ముందే అయింది. అందుకే గరుకు కాగితాన్ని నీళ్లలో తడిపి రుద్దించి, మనవణ్ణి మేడ మీదికి తోలేశారు. తర్వాత చీలికల్లో లప్పం, ఆరాక మళ్లీ గరుకు కాగితం. గులాబీరంగు ప్రైమరు, ఆరాక మళ్లీ గరుకు కాగితం.

ఆరడం అసలు కథ. తిన్నరు ఎగిరిపోయినంత మాత్రాన ఎనామిల్ ఆరదు. అందులోని నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని గట్టిపడాలి. చలీ తేమా ఉంటే ఇంకా నిదానం. ధనుర్మాసపు మంచులో ఆ పని సాగదు. ఊరంతా రంగులేయించేదీ అప్పుడే. రెక్క మూస్తే చట్రానికి అతుక్కుంటుంది, తీసి ఉంచితే దోమలు. ఇంటిల్లిపాదీ దోమలకే ఓటేశారు.

ఆరిందో లేదో చూడ్డానికి మాత్రం మనుషులు కరువు కాలేదు. పాలవాడు ఒక వేలు పెట్టాడు, ఎదురింటావిడ ఒక వేలు, పార్సిలు తెచ్చిన కుర్రాడు ఒక వేలు. అందరూ "ఆరలేదండీ" అని చెప్పి, వేలు ఊచకు తుడిచి వెళ్లారు.

భోగి నాటికి అయినవి మూడు కిటికీలు. పెయింటరు పండక్కి ఊరెళ్లిపోయాడు. "యూపీవీసీ పెట్టించెయ్ నాన్నా, రంగే అక్కర్లేదు" అన్నాడు కొడుకు ఫోన్లో. "2014లో హుద్‌హుద్ తుఫాను గాలికి నిలబడ్డ రెక్కలు రా ఇవి" అని ఈయన పెట్టేశారు.

స్కాట్లండులో ఫోర్త్ రైలు వంతెనకు రంగు ఒక చివర ముగిసేసరికి రెండో చివర మళ్లీ మొదలెట్టాలని జనం చెప్పుకునేవారు. పాతికేళ్లు నిలిచే రంగేసి 2011లో ఆ గొడవ వదిలించుకున్నారు. రైల్వే మనిషి కదా, ఆ సంగతి ఈయనకు తెలుసు. పండగ వెళ్లాక బజార్లో రంగుల కొట్టుకెళ్లి అదే అడిగారు.

"పాతికేళ్లదా అండి?" అంటూ కొట్టువాడు షేడ్ కార్డు ముందుకు తోశాడు. "అలాటిది నా దగ్గరుంటే కొట్టు ఎప్పుడో మూసేద్దును. లీటరివ్వనా, నాలుగు లీటర్లదా?"