‘చిన్న కరెక్షనే’: టీకా తాత్పర్య సహితం

మల్లినాథ సూరిది మెదక్ జిల్లా కొల్చారం. కాళిదాసుకు, భారవికి, మాఘుడికి వ్యాఖ్యానాలు రాసిన ఈ మహానుభావుడు ముందే రెండు కట్టుబాట్లు పెట్టుకున్నాడు: ఆధారం లేనిది రాయడు, అక్కర లేనిది చెప్పడు. జగిత్యాలలోనో కోరుట్లలోనో సిరిసిల్లలోనో రెండు గదులు అద్దెకు తీసుకుని పాటలు రికార్డు చేసే ఇంజనీరుకు ఈ కట్టుబాట్ల అవసరం మల్లినాథుడి కంటే ఎక్కువ. మల్లినాథుడికున్న ఒక సౌకర్యం ఇతనికి లేదు. కాళిదాసు రాత్రి పదకొండున్నరకు ఫోన్ చేసి, ‘నేనన్నది అది కాదు’ అనలేదు.

ఇక్కడి స్టూడియోల గిరాకీ ఏడాది పొడుగునా రూపాలు మార్చుకుంటుంది. యూట్యూబ్ కోసం జానపదాలు, భాద్రపదం రాకముందే బతుకమ్మ పాటలు, కొండగట్టు అంజన్నకు, వేములవాడ రాజన్నకు, ధర్మపురి నరసింహస్వామికి భక్తి పాటలు, గల్ఫ్ బతుకుల పాటలు, ఓట్లొస్తే ఓట్ల పాటలు. గిరాకీ ఏదైనా, పాట పంపిన మర్నాడు స్టూడియోకు వచ్చే సందేశం మాత్రం ఒక్కటే. వ్యాఖ్యానానికి స్వీకరించిన మూలం ఇది:

‘అన్నా, పాట మస్తుగున్నది. గని ఏదో మిస్సయినట్టున్నది. జెర ఫీల్ పెంచు. చిన్న కరెక్షనే. రేపు రిలీజున్నది. పైసల ముచ్చట తర్వాత.’

ఇది గద్యం. కర్త అనేకులు. కాలం సార్వకాలికం. రసం విషయంలో భిన్నాభిప్రాయాలున్నాయి: పంపినవారికి శాంతం, అందుకున్నవారికి రౌద్రం.

అన్నా: సంబోధన ప్రథమా విభక్తి. వయసుతో సంబంధం లేదు. యాభై ఏళ్ల ప్రొడ్యూసరు పాతికేళ్ల ఇంజనీరును కూడా పని అడిగేటప్పుడు ‘అన్నా’ అనే అంటాడు. అదే మనిషి తప్పు పట్టేటప్పుడు ‘తమ్మీ’లోకి దిగుతాడు. ‘సార్’ అన్నాడంటే ప్రమాదం: వేరే స్టూడియోతో మాట్లాడుకుని వచ్చాడని గ్రహించాలి.

పాట మస్తుగున్నది: అర్థవాదం. అంటే పొగడ్తే తప్ప విధి కాదు. దీని మీద సమయం వృథా చేయరాదు.

గని: ఇక్కడి నుంచే అసలు గ్రంథం.

ఏదో మిస్సయినట్టున్నది: ఈ పదబంధాన్ని ఎగతాళి చేసే ఇంజనీర్లు చాలామంది. ‘ఏం మిస్సయిందో తెల్వదు గని మిస్సయిందట’ అని చాయ్ దగ్గర నవ్వుకుంటారు. వారు టీక సరిగా చదవలేదు. పంపినవాడు నిజంగానే ఏదో వినలేదు. అతను పాటను విన్నది స్టూడియో స్పీకర్లలో కాదు, చేతిలోని ఫోనులో. ఫోను స్పీకరు గోరంత. కింది శ్రుతులను పలకడం దాని వల్ల కాదు. డోలు మోత, బేస్ గిటారు కింది స్వరం అందులో దాదాపు మాయమవుతాయి. రెండు రోజులు కూర్చుని కుదిర్చిన బేస్ అతని చెవికి చేరనే లేదు.

దీనికి పరిష్కారం శాస్త్రంలోనే ఉంది. ఒక స్వరంలో మూలనాదం వినపడకపోయినా, దాని పైనుండే అనునాదాలు వినిపిస్తే మనసు మూలాన్ని తానే ఊహించుకుని వింటుంది. శబ్దశాస్త్రంలో దీన్ని మిస్సింగ్ ఫండమెంటల్ అంటారు. మూలంలోని ‘మిస్సయిన’ అన్న మాట ఇక్కడ అక్షరాలా సార్థకం. బేస్‌కు కాస్త శాచురేషన్ ఇచ్చి అనునాదాలు పుట్టిస్తే ఫోనులోనూ డోలు మోగినట్టే ఉంటుంది. ప్రొడ్యూసరుకు ఈ పేర్లేవీ తెలియవు. జబ్బు పేరు రోగి చెప్పాలని ఏ వైద్యుడూ అడగడు.

ఇంకొక అర్థమూ ఉంది. గాయకుడు పాడిన రోజే ప్రొడ్యూసరు రఫ్ ట్రాకును ఫోనులోకి ఎక్కించుకుని పోతాడు. పొలం గట్టున, బస్సులో, పెళ్లిలో పది మందికి వినిపిస్తాడు. రెండు వారాలకు అందులోని తప్పులు కూడా చెవికి అలవాటైపోతాయి. అసలు మిక్స్ వచ్చేసరికి ఆ తప్పులు లేవు. ఆయనకు మిస్సయింది అవే. ఈ వ్యాధి ప్రపంచమంతటా ఉంది. ఇతర దేశాల ఇంజనీర్లు దానికి డెమోఐటిస్ అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు. రఫ్ ట్రాకును చేతికివ్వకపోవడమే మందు. ఇవ్వకుండా ఉండగల ఇంజనీరు ఈ మూడు ఊళ్లలో ఉన్నాడంటే నమ్మడం కష్టం.

పాఠాంతరం: కొన్ని ప్రతుల్లో ఇక్కడ ‘బలగం లెక్క రాలేదు’ అని ఉంది. 2023 మార్చిలో వచ్చిన ‘బలగం’ సినిమా దర్శకుడు వేణు యెల్దండిది సిరిసిల్ల. సినిమా తీసిందీ ఆ చుట్టుపక్కల పల్లెల్లోనే. చివర పాడి ఊళ్లకు ఊళ్లనే ఏడిపించింది బుడగ జంగాల దంపతులు మొగిలయ్య, కొమురమ్మ. అప్పటి నుంచి ‘గట్ల ఏడిపియ్యాలె’ అన్నది ఒక ఆర్డరుగా స్థిరపడింది. ఇక్కడ టీకాకారుడు మొహమాటపడకుండా చెప్పాల్సిన మాట ఒకటుంది: ఆ ఏడుపు ఏ ప్లగిన్‌లోనూ దొరకదు. తరతరాలుగా ఇంటింటి ముందు కథ చెప్పిన గొంతు అది. ఇంజనీరు చేయగలిగింది, అటువంటి గొంతు వచ్చినప్పుడు అడ్డు రాకుండా తప్పుకోవడం.

జెర: పరిమాణవాచకం. ఎంత పరిమాణమన్నదే వివాదం. శబ్దంలో ఒక డెసిబెల్ తేడాను మనిషి చెవి కష్టం మీద పసిగడుతుంది. కాబట్టి జెర అంటే ఒకటికి తక్కువ కారాదు, మూడు దాటితే ‘జెర’ కాదు. ఏ వైరుకూ తగలని ఒక ఫేడరును క్లయింటు ముందు జరిపి, ‘ఇప్పుడు?’ అని అడిగే చమత్కారం దేశదేశాల స్టూడియోల్లో ప్రచారంలో ఉంది. ‘ఆఁ, ఇప్పుడు మంచిగున్నది’ అని జవాబు వస్తుందట. ఈ విద్య మీద ఈ టీకాకారుడికి గౌరవం లేదు. స్టూడియోలో కూర్చున్నవాడి మీద పనిచేస్తుంది, ఇంటికి పోయి పాత ఫైలునూ కొత్త ఫైలునూ పక్కపక్కన పెట్టి వినేవాడి మీద పనిచేయదు. పట్టుబడ్డాక నిజమైన మార్పు చేసినా ఎవరూ నమ్మరు.

ఫీల్ పెంచు: పరస్పర విరుద్ధమైన రెండు ఆజ్ఞలు ఇందులో ఇమిడి ఉన్నాయి. ఫీల్ పెంచమన్న నోటితోనే ‘ఆటోట్యూన్ గట్టిగ కొట్టు’ అని కూడా వస్తుంది. ఆటోట్యూన్ గట్టిగా కొడితే జానపదానికి ప్రాణమైన గమకం, జారుడు, చివర విరుపు మొదట పోతాయి. ఒక ముచ్చట: 1997లో బజారులోకి వచ్చిన ఈ ఆటోట్యూన్‌ను కనిపెట్టిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకు ముందు చమురు కంపెనీల కోసం పనిచేశాడు. భూమిలోకి శబ్దతరంగాలు పంపి, వచ్చే ప్రతిధ్వనులను లెక్కగట్టి, నూనె ఎక్కడుందో చెప్పడం ఆయన విద్య. ఆ గణితమే గొంతు శ్రుతి సరిచేయడానికి పనికొచ్చింది. నూనె దేశంలో చెమటోడ్చే కోరుట్ల కుర్రాడు సెలవులకు వచ్చి పాడిన పాటను నూనె వెతికే గణితం సరిదిద్దుతోంది.

గల్ఫ్ గిరాకీకి ప్రత్యేక ప్రకరణం అవసరం. యక్షుడు మేఘం చేత భార్యకు కబురంపిన కావ్యానికి మల్లినాథుడు వ్యాఖ్య రాశాడు. దోహా నుంచీ రియాద్ నుంచీ కబుర్లు వచ్చేది వాట్సాప్ మీద. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. అక్కడి నుంచి పాట చేయించుకునేవాడు డ్యూటీ దిగి, వండుకుని తిని, తీరికగా తొమ్మిదింటికి ఫోన్ చేస్తే ఇక్కడ పదకొండున్నర. శుక్రవారం సెలవు కాబట్టి కరెక్షన్లన్నీ శుక్రవారం కుమ్మరిస్తాడు. తన ట్యూన్‌ను రూములో పది మంది మధ్య వాయిస్ మెసేజ్‌గా పాడి పంపి, ‘గిదే వాడు అన్నా, మళ్ల పాడనీకి టైం లేదు’ అంటాడు. వాట్సాప్ ఆ గొంతును మాటలు అర్థమయ్యేంతకే కుదించి పంపుతుంది. పై శ్రుతులు దారిలోనే రాలిపోతాయి, వెనక కూలరు మోత మాత్రం భద్రంగా చేరుతుంది. ఈ క్లయింటును కష్టమైనవాడని పేరు పెట్టే ముందు ఒక సంగతి తలచుకోవాలి: ఆ పాట బిడ్డ పుట్టినరోజుకు. అతను రాలేడు, పాట రావాలి. ఇక్కడ టీక కాస్త మెత్తబడినా దోషం లేదు.

చిన్న కరెక్షనే: చివరి ఏకారం అవధారణార్థకం. ‘అదొక్కటే, మరొకటి లేదు’ అని అర్థం. వ్యాకరణం ఒప్పుకున్నా అనుభవం ఒప్పుకోదు. మైకేల్ జాక్సన్ ‘బిల్లీ జీన్’ పాటను మిక్స్ చేసిన బ్రూస్ స్వీడియన్ ఈ ఏకారానికి గొప్ప ఉదాహరణ చెప్పేవాడు. రెండో మిక్స్ అందరికీ నచ్చింది. బేస్ కొంచెం, ఇంకోటి కొంచెం అంటూ తొంభై ఒకటో మిక్స్ దాకా పోయారు. చివరికి ప్రొడ్యూసరు క్విన్సీ జోన్స్ ఒకసారి వెనక్కి పోయి రెండోది వినిపించమన్నాడు. 1982లో ‘థ్రిల్లర్’ ఆల్బమ్‌లో వచ్చింది ఆ రెండోదే. సిరిసిల్ల ఇంజనీరు దీన్నుంచి నేర్చుకోవాల్సింది, ప్రతి మిక్స్‌కూ నంబరు వేసి దాచుకోవడం. ‘మొదటిదే మంచిగుండె అన్నా’ అన్న మాట తప్పక వస్తుంది. ఆ రోజు మొదటిది దొరకాలి.

చిన్న కరెక్షన్ ఎంత పెద్దదో సర్పంచ్ ఎన్నికల్లో తెలుస్తుంది. తెలంగాణలో 2025 డిసెంబరులో మూడు విడతలుగా పంచాయతీ ఎన్నికలు జరిగాయి. సర్పంచ్ అభ్యర్థికి పార్టీ గుర్తు ఉండదు. నామినేషన్ల ఉపసంహరణ అయ్యాకే ఏ గుర్తు ఎవరికన్నది తేలుతుంది. ఉంగరం రావచ్చు, కత్తెర రావచ్చు, టూత్‌పేస్ట్ కూడా రావచ్చు. ప్రచారానికి మిగిలేది వారం లోపే. కాబట్టి పాటంతా ముందే రికార్డు చేసి, గుర్తు దగ్గర ఖాళీ వదులుతారు. ‘గుర్తొచ్చినంక ఒక్క మాటే కదా’ అంటాడు అభ్యర్థి.

ఛందస్సు అలా అనదు. ఉంగరం: గురువు, లఘువు, గురువు. ర గణం, ఐదు మాత్రలు. కత్తెర: గురువు, లఘువు, లఘువు. భ గణం, నాలుగు మాత్రలు. కత్తెర కోసం వదిలిన సందులో ఉంగరం పట్టదు. టూత్‌పేస్ట్‌ది ఏ గణమో లాక్షణికులు చెప్పలేదు. కోరస్‌ను మళ్లీ పిలవాలి, గాయకుడు ఆ రోజు పక్క ఊళ్లో ఇంకో అభ్యర్థి పాట పాడుతుంటాడు. కొన్నిసార్లు ఎదుటి అభ్యర్థి పాటే.

ఆ పైన కమిటీ ఒకటి. అభ్యర్థి, ఆయన బావమరిది, యూత్ నాయకుడు, పాట రాసిన మాస్టారు, డీజే నడిపే పిల్లవాడు ఒకేసారి స్టూడియోకు వస్తారు. ఒకరికి పేరు గట్టిగా వినిపించాలి, మరొకరికి డప్పు. అన్నీ పెంచితే ఏదీ పెరగదన్నది ఎంత చెప్పినా తలకెక్కని సత్యం. తెలియనివాడు కష్టమైన క్లయింటు కాడు, ఐదుగురు కలిసిన ఒకే క్లయింటు కష్టం. ‘ఆఖరు మాట ఎవరిది?’ అని మొదటి రోజే అడిగి ఆ ఒక్క నంబరే రాసుకున్న ఇంజనీరుకు సగం యుద్ధం తప్పుతుంది.

అనుబంధ సూత్రం, ‘సౌండ్ సాల్తలేదు’: యూట్యూబ్ తన ప్రమాణాన్ని మించి మోగే పాటను తానే తగ్గించి వినిపిస్తుంది. పిండి పిండి గట్టిగా చేసిన పాట అక్కడ గట్టిగా ఉండదు, నలిగి మాత్రం ఉంటుంది. పెళ్లి డీజేకు ఈ అడ్డు లేదు. అందుకే తెలిసినవారు యూట్యూబ్‌కు ఒకటి, డీజేకు ఒకటి, రెండు ఫైళ్లు ఇస్తారు.

‘ఎన్క ఏదో టక టక ఇనబడుతున్నది’: ఇది సిరిసిల్ల ప్రతుల్లోనే కనిపించే పాఠం, నిర్దోషమైన పాఠం. బీవై నగర్ లాంటి చోట్ల మరమగ్గాల షెడ్డుకు గోడ అవతలే స్టూడియో ఉంటే, నిమిషానికి వందసార్లకు పైగా కొట్టే షటిల్ చప్పుడు మైకులోకి రాక మానదు. గోడకు అంటించిన ఫోమ్ గదిలోని ప్రతిధ్వనిని తగ్గిస్తుంది, బయటి చప్పుడును ఆపదు. దాన్ని ఆపేది గోడ బరువు, సందులు లేని తలుపు. కరెంటు పోతే మగ్గాలు ఆగుతాయి. ఇన్వర్టర్ ఉన్న ఇంజనీరుకు అదే అమృత ఘడియ, ‘జల్ది పాడు’ అంటాడు.

రేపు రిలీజున్నది: భవిష్యత్ కాలం కాదు, బెదిరింపు అర్థంలో వర్తమానం. జగిత్యాల దారిలో గంగాధర దగ్గర బొమ్మలగుట్ట మీద, పదో శతాబ్దంలో పంపకవి తమ్ముడు జినవల్లభుడు రాతిలో చెక్కించిన తెలుగు కంద పద్యాలున్నాయి. చెక్కించినవాడు ఉలి లేవకముందే మనసు తేల్చుకుని ఉండాలి. ఇప్పుడు పోస్టరు ముందు వస్తుంది, ప్రోమో తర్వాత, పాట చివర. తేదీ ముందే ఊరంతా చెప్పేసి ఇంజనీరు దగ్గరికి రావడం ఆచారం.

పైసల ముచ్చట తర్వాత: ఇందులో తర్వాత అన్నది కాలవాచకమా, నిషేధార్థకమా అని శంక. సగం ముందు, మిగతా సగం ఫైలు చేతికిచ్చేటప్పుడు, రెండు కరెక్షన్లు ఉచితం, మూడో దానికి రేటు అని పని మొదలుకాక ముందే వాట్సాప్‌లో రాసి పంపడం ఉత్తమ పక్షం. నోటితో చెప్పిన రేటు మధ్యమం. పూర్తి డబ్బు వచ్చేదాకా మధ్యమధ్య స్టూడియో పేరు పలికే కాపీనే పంపడం వాడుకలో ఉన్న మరో పక్షం.

శంక: స్టూడియో పేరు పలికే కాపీనే యూట్యూబ్‌లో ఎక్కించేస్తే?

సమాధానం: అప్పుడు పాటలో పల్లవి కంటే ఎక్కువసార్లు వినిపించేది స్టూడియో పేరే కాబట్టి, బాకీని ప్రకటన ఖర్చు కింద రాసుకోవాలని కొందరు. అది ఒప్పుకోరాదని, ప్రొడ్యూసరు బావమరిదికి ఫోన్ చేయాలని మరికొందరు.