మోరి తీస్తరా, ఫోటో తీస్తరా?

సమాజసేవతో యువతను తీర్చిదిద్దడంలో మనవాళ్లకు సాటిలేదు. ఏడు రోజుల్లో పని పూర్తి. మొదటిరోజు ఫ్లెక్సీ కడతారు, చివరిరోజు విప్పుతారు. నడుమ ఐదు రోజులు దాని ముందు నిలబడతారు.

వనపర్తి చుట్టుపక్కల ఏ దత్తత గ్రామానికైనా ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపు వేళకు వెళ్లారనుకోండి. మోరి పక్కన కొత్త చీపుళ్లు, తెల్ల టోపీలు. అతిథి వచ్చేదాకా చెత్తను ముట్టుకోకూడదు. ముందే ఊడ్చేస్తే ఆయన ఏం ఊడవాలి? అరుగు మీది అవ్వకు ఓపిక నశిస్తుంది: "ఏం బిడ్డా, మోరి తీస్తరా, ఫోటో తీస్తరా?"

గాంధీ శతజయంతి ఏడాదిలో, 1969 సెప్టెంబర్ 24న, 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మందితో మొదలైన జాతీయ సేవా పథకమిది. రెండేళ్లలో 240 గంటల సేవ, ఏడు రోజుల శిబిరం. ‘నేను కాదు, నువ్వు’ అన్నది దాని ఆశయం. పార పట్టే వంతు వచ్చినప్పుడల్లా మనవాళ్లు దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తారు.

చేసిన పని గురించి ఆలోచించడానికి డైరీ కూడా ఉంది. ‘ఈరోజు ఎంతో నేర్చుకున్నాను’ అని సీనియర్ రాసింది జూనియర్ ఎత్తిరాస్తాడు. వందమంది యూనిట్‌లో అందరిదీ ఒకే ఆత్మపరిశీలన, అక్షరదోషాలతో సహా.

ఇంటింటి సర్వేదీ అదే తీరు. ‘ఇంటికి తాళం’ అని రాసుకుని పక్కింటికి పోతారు. ఆ ఇంటివాళ్లు బతుకుదెరువుకు ముంబైకో పుణెకో వలసపోయిన పాలమూరు కూలీలు కావచ్చు. పాఠం మొదలవ్వాల్సిన చోటే సర్వే ముగుస్తుంది.

వనపర్తి సంస్థానాధీశులు కట్టించిన చెరువులను సప్తసముద్రాలంటారు. ఏడు రోజుల క్యాంపుకు ఏడు చెరువులు! రోజుకో కట్ట ఎక్కి, కాలువ ఎక్కడ పూడింది, తూము తీసే నీరటికి ఏం ముట్టేది, శిఖం భూమిలో ఎవరి ప్లాట్లున్నాయి అని అడిగితే చరిత్ర, లెక్కలు, రాజకీయం మూడూ వంటబడతాయి. కాని ఆ ప్లాట్ల యజమానే ముగింపు సభకు ముఖ్య అతిథి అయితే? అందుకే మొక్క నాటడం క్షేమం. నిరుడు నాటిన గుంత అలాగే ఉంటుంది, తవ్వే శ్రమ కూడా తప్పుతుంది.

ప్రోగ్రాం ఆఫీసర్లకు ఒక మనవి. ఈసారి ఫ్లెక్సీ డబ్బులతో నాలుగు పారలు కొనండి. రాత్రి భోజనాలయ్యాక పిల్లలను కూర్చోబెట్టి, తాళం పడ్డ ఆ ఇంటివాళ్లు ఎక్కడికి పోయారో, ఎందుకు పోయారో అడగండి. తెలియకపోతే మర్నాడు ఊళ్లో కనుక్కుని రమ్మనండి. జవాబు వెతికిన పిల్లలకే సర్టిఫికెట్ ఇవ్వండి. అడిగే ఓపిక లేని మాస్టారికి 240 గంటల కింద సంతకం పెట్టే అర్హత లేదు.