ఆకలిగా కనిపించిన జింకకు మేత పెట్టకండి

పుష్యమాసం వచ్చి పొద్దెక్కేదాకా మంచు కమ్ముకునే రోజుల్లో ఫోన్లలో ఒక రకం వీడియోలు తిరుగుతుంటాయి. ఎక్కడో చలిదేశంలో, పెరట్లో మోకాలెత్తు మంచు పేరుకుపోయి ఉంటుంది. జింకల మంద ముందు ఎవరో బస్తాడు మొక్కజొన్న గింజలు కుమ్మరిస్తారు. చూసినవాళ్ల కళ్లు చెమరుస్తాయి. మనమూ ఇలా పెడదాం అంటూ పదిమందికి పంపుతారు. ఆ జాలి మంచిదే. చెయ్యమంటున్న పని మాత్రం జింకను చంపుతుంది.

అందుకే ఇక్కడ రాస్తున్న సలహాలు చదవగానే తలకిందులుగా తోస్తాయి, రాసినవాడికి గుండె లేదనిపిస్తుంది. పెట్టకండి, పిలవకండి, దగ్గరికొస్తే అదిలించండి, ఒంటరిగా పడుకున్న పిల్లను ఎత్తుకోకండి అనే చెబుతాను. ఒక్కొక్కదానికీ కారణం ఉంది. కారణం చదివాక కూడా చెయ్యి ఊరుకోకపోతే, ఆ చేతికి వేరే పని కూడా చూపిస్తాను.

కోనసీమలోని అల్లవరంలో కూర్చుని జింకల సంగతి ఎందుకని అడగొచ్చు. నిజమే, మన మండలంలో అడవి అనదగ్గది లేదు. కొబ్బరి తోటలు, వరిచేలు, రొయ్యల చెరువులు, తీరం వెంట సరుగుడు. కానీ బోడసకుర్రు పక్కనుంచి పారి ఓడలరేవు దగ్గర సముద్రంలో కలిసే ఈ గోదావరి పాయ, వైనతేయ నీళ్లు పాపికొండల మధ్యనుంచి వస్తున్నవే. ఆ కొండల్లో దుప్పులున్నాయి, 2008 నుంచి అది జాతీయ ఉద్యానవనం. దిగువన ధవళేశ్వరం దగ్గరి లంకల్లోనూ జింకలు బతుకుతున్నాయి. పైగా కార్తీక వనభోజనాలకీ, పాపికొండల లాంచీ ప్రయాణానికీ, తిరుమల నడకదారికీ వెళ్లని ఊరు కోనసీమలో ఏదుంది? జింక ఎదురుపడ్డ క్షణంలో సంచిలోంచి అరటిపండో బిస్కట్టో తీసే చెయ్యి మనదే.

మొదటి సలహా చలికాలం గురించే. ఎంత బక్కగా కనిపించినా గింజలు, అన్నం, రొట్టె పెట్టకండి. ఈ మాట పాడిగేదెను మేపిన ఇంట్లో ఎవరికైనా వెంటనే అర్థమవుతుంది. పెళ్లింటి వెనక పారబోసిన అన్నం గేదె కడుపునిండా తింటే ఏమవుతుంది? సాయంత్రానికి నెమరు ఆగిపోతుంది. ఎడమ డొక్క ఉబ్బుతుంది. పేడ పలచబడి పుల్లటి వాసన వేస్తుంది. పశువుల డాక్టరు గారు పరుగున వచ్చి వంటసోడా నీళ్లు పట్టించి, సెలైన్ ఎక్కించి, రాత్రంతా కనిపెట్టుకుని ఉంటే బతుకుతుంది, లేకపోతే లేదు. జింకదీ నెమరువేసే కడుపే. దాని పెద్దపొట్టలో కోటానుకోట్ల సూక్ష్మజీవులుంటాయి. గడ్డిని, ఆకును, చివుళ్లను అరిగించేది అవే. జింక ఏ కాలంలో ఏం తింటుందో, ఆ తిండికి తగ్గ జీవులే ఆ కాలంలో పెరుగుతాయి. మేత మారితే అవి మారడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఉన్నట్టుండి మొక్కజొన్నో బియ్యమో పడితే, పిండిపదార్థాన్ని పులియబెట్టే జీవులు ఒక్కసారిగా పెరిగి కడుపంతా ఆమ్లం చేసేస్తాయి. ఆ ఆమ్లం నెత్తురులోకి ఎక్కుతుంది. ఒకటి నుంచి మూడు రోజుల్లో జింక కడుపునిండా తిండితో చచ్చిపోతుంది. గేదెకైతే డాక్టరున్నాడు. పొదలోకి పోయి పడుకున్న జింకకు ఎవరూ లేరు. పెట్టినవాళ్లకు ఆ చావు కనబడదు కాబట్టి, మర్నాడు మళ్లీ పెడతారు.

చలిదేశాల్లో కూడా ఇదే మాట చెబుతున్నారు. అక్కడి జింక ఆకురాలే కాలంలోనే కొవ్వు పట్టించుకుంటుంది. చలికాలం వచ్చాక తిరుగుడు తగ్గించి, తిండీ తగ్గించి, ఆ కొవ్వు మీద నెట్టుకొస్తుంది. మేత పోసే చోటికి రావాలని లోతు మంచులో నడిస్తే, దాచుకున్న బలం దారిలోనే కరిగిపోతుంది. ఇంకో పెద్ద ప్రమాదం రోగం. 1967లో అమెరికాలోని కొలరాడోలో, సాకుతున్న జింకల్లో ఒక వింత జబ్బు బయటపడింది. మెదడు గుల్లబారి, జంతువు చిక్కి శల్యమై చనిపోతుంది. దానికి మందు లేదు. లాలాజలం, మూత్రం, పేడ ద్వారా పాకుతుంది, నేలలో ఏళ్ల తరబడి నిలిచి ఉంటుంది. పది జింకలు ఒకే కుప్పలో మూతి పెట్టే చోటు దానికి ఎంత అనువో చెప్పనక్కర్లేదు. అమెరికాలో చాలాచోట్ల జింకలకు మేత పెట్టడాన్ని నిషేధించడానికి ఇదొక ముఖ్య కారణం. 2016లో నార్వేలోని అడవి రెయిన్‌డీర్లలో ఈ జబ్బు కనబడితే, అది పాకకుండా ఆపడానికి రెండు వేలకు పైగా ఉన్న మందను మొత్తంగా చంపేయాల్సి వచ్చింది. మనం పంచుకుంటున్న వీడియో వెనక ఈ చరిత్ర ఉంది.

మన చలికాలం సంగతి వేరు. వానలు వెళ్లిపోయి, నేలలో తడి ఇంకా ఉండే కాలమిది. లంకల్లో రెల్లు దట్టంగా ఉంటుంది. కోతలైన చేలల్లో మినుము, పెసర, పిల్లిపెసర, జనుము లేస్తుంటాయి. గోదావరి జింకకు పుష్య మాఘాలు కరువు నెలలు కావు. మంచుకు వణుకుతున్నది మనం. ఆ వణుకును దాని ఆకలిగా లెక్కవేయకూడదు.

మరి ఎండాకాలం? అప్పుడూ వద్దనే నా మాట. వేసవిలో మన అడవుల్లో నిజంగా కొరత ఉంటుంది, ముఖ్యంగా నీటికి. అటవీ శాఖ అడవి లోపల సాసర్ పిట్లు అనే లోతు తక్కువ నీటి తొట్లు కట్టి ట్యాంకర్లతో నింపుతుంది, అక్కడక్కడా ఉప్పు గడ్డలు పెడుతుంది. ఏ చోట పెట్టాలి, ఎన్ని పెట్టాలి, పులి కాచుకుని కూర్చోకుండా చుట్టూ ఎంత ఖాళీ ఉండాలి అన్నది చూసుకుని చేసే పని అది. రోడ్డు పక్కన మనం పెట్టే నీళ్ల తొట్టి జింకను లారీ కిందికి పిలుస్తుంది. సాయం చెయ్యాలనిపిస్తే ఆ శాఖవాళ్లను కలిసి, వాళ్లు చెప్పిన చోట, చెప్పిన విధంగా చెయ్యండి.

ఇప్పుడు అందరికీ కష్టమనిపించే సలహా. జింక మీ దగ్గరికి నడిచొస్తే సంతోషించకండి, చప్పుడు చేసి అదిలించండి. మనిషిని చూసి బెదిరే గుణమే దానికున్న కవచం. అరటిపండు ఆశ చూపి ఆ బెదురు పోగొడితే, రేపు ఉచ్చుతో వచ్చినవాడి చేతినీ అది మీ చెయ్యే అనుకుంటుంది. లంకల్లో మొదట దొరికిపోయేది మనుషులకు మాలిమైన జింకే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేట అనే మాటకు ఇచ్చిన అర్థంలో ఎర వేయడాన్ని కూడా కలిపింది. చట్టం రాసినవాళ్లకు తిండికీ వేటకీ ఎంత దగ్గరి చుట్టరికమో తెలుసు. కృష్ణజింక ఆ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జంతువు. 2018లో మన రాష్ట్ర జంతువు కూడా అయింది. దాన్ని గౌరవించడమంటే దూరంగా ఉండనివ్వడమే.

తిరుమల విషయం మరీ తీవ్రమైనది. నడకదారిలో దుప్పులకు కీరా ముక్కలు, క్యారెట్లు, పళ్లు అందించడం చాలామంది భక్తులు పుణ్యంగానే భావించారు. తిండికి అలవాటుపడ్డ దుప్పి మెట్ల దారి వదలదు. దుప్పి ఉన్నచోటికి చిరుత వస్తుంది. అడవిలో ఎప్పుడూ జరిగేది అంతే. మిగులు తిండి కోసం తిరిగే కుక్కలు, పందులు కూడా చిరుతను రప్పిస్తాయి. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాపను చిరుత చంపేసింది. అది ఫలానా జింక వల్లనో ఫలానా పండు వల్లనో అని ఎవరూ చెప్పలేరు, నేనూ చెప్పను. కానీ ఆ తర్వాత దేవస్థానం నడకదారిలో జంతువులకు తిండి పెట్టడాన్ని నిషేధించింది, దుకాణాలు వ్యర్థాలు బయట పడేయకూడదంది, మధ్యాహ్నం 2 గంటల తర్వాత చిన్నపిల్లలను ఆ దారిలో పంపలేదు. ఈసారి మొక్కు తీర్చుకోవడానికి వెళ్లేవాళ్లు పిల్లల చేతికి కీరా ముక్క ఇచ్చి పెట్టమ్మా అనకండి. పిల్లలు నేర్చుకునేది ఆ ముక్కతోనే.

తిండి చుట్టి తెచ్చిన కవరు గురించి ఒక్క మాట. జపాన్‌లోని నారా ఊళ్లో జింకలు వీధుల్లో తిరుగుతాయి, యాత్రికులు బిస్కట్లు పెడతారు. 2019లో అక్కడ కొన్ని నెలల్లో చనిపోయిన 14 జింకల్లో 9 జింకల కడుపులో ప్లాస్టిక్ దొరికింది. ఒకదాని కడుపులో 4.3 కిలోలు. కవరుకు తిండి వాసన ఉంటే జింకకు అదీ తిండే.

ఇక పిల్ల. గడ్డిలో ఒంటరిగా, కదలకుండా పడుకుని, మిమ్మల్నే చూస్తున్న జింకపిల్ల కనిపిస్తే దాన్ని తల్లి వదిలేసిందని అనుకోకండి. తల్లే దాచింది. పుట్టిన కొత్తలో పిల్లకు పరుగెత్తే శక్తి ఉండదు కాబట్టి, తల్లి దాన్ని గడ్డిలో పడుకోబెట్టి తను దూరంగా మేస్తుంది. వేళకు వచ్చి పాలిచ్చిపోతుంది. మీరు అక్కడ నిలబడ్డంతసేపూ ఆ తల్లి రాలేదు. ఫొటో కూడా వద్దు, వెనక్కి నడిచి వెళ్లిపోండి. తెలియక ఎవరైనా ఎత్తుకొచ్చి ఉంటే, వెంటనే తీసుకెళ్లి అదే చోట పడుకోబెట్టండి. గేదె పాలు పట్టకండి, పారుకుని నీరసించి పోతుంది. ఒకవేళ బతికి, ఇంట్లోనే పెరిగిందనుకోండి, మగదైతే కొమ్ములొచ్చాక మనిషినే తన పోటీదారుగా చూస్తుంది. పాలు పట్టిన చేతులనే పొడుస్తుంది. అప్పటికి దాన్ని అడవిలో వదలడానికీ వీలుండదు, ఇంట్లో ఉంచుకోవడానికి చట్టమూ ఒప్పుకోదు.

గోదావరి మనుషులం కాబట్టి వరద రోజుల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల నీళ్లు వచ్చిపడ్డాయి. 2022 జులైలో 25 లక్షలు దాటాయి. అలాంటప్పుడు లంక మునిగి జింకలు ఈదుకుంటూ గట్టెక్కుతాయి. అప్పుడు జనం ఏం చేస్తారో మనకు తెలుసు. చుట్టూ మూగుతారు, కుర్రాళ్లు పట్టుకోబోతారు, తాడు వేస్తారు, నిమురుతారు, నోట్లో గడ్డి కుక్కుతారు. అంతా ప్రేమే. కానీ భయంతో పెనుగులాడిన జింక ఒంట్లో కండరాలు దెబ్బతింటాయి. వాటిలోంచి విడుదలైన పదార్థాలు మూత్రపిండాలను, గుండెను పాడు చేస్తాయి. పట్టుకున్నప్పుడు ప్రాణంతోనే ఉన్నది, గంటల్లోనో రెండు మూడు రోజుల తర్వాతో ఉన్నట్టుండి కూలిపోతుంది. కాబట్టి గట్టెక్కిన జింకకు మేత వద్దు, మనుషులు లేని దారి కావాలి. ముందుగా ఊళ్లో కుక్కలను కట్టేయించండి. జనాన్ని వెనక్కి పంపండి. అటవీ శాఖకో పోలీసులకో కబురు చెయ్యండి. అది నిలబడ్డ మిట్టకూ, ఎక్కడైనా చెట్లున్న చోటుకూ మధ్య ఎవరూ లేకుండా చూడండి. చీకటి పడ్డాక దాని దారి అది వెతుక్కుంటుంది. గాయపడి లేవలేని స్థితిలో ఉంటే మాత్రం, కళ్ల మీద పల్చటి గుడ్డ కప్పి, మాటలు ఆపి, అటవీ సిబ్బంది వచ్చేదాకా కుక్కలు రాకుండా కాపలా కాయండి.

కుక్కల సంగతి వరదకే పరిమితం కాదు. ఊరి చివర గుంపులుగా తిరిగే కుక్కలు దేశమంతటా జింకలను చంపుతున్నాయి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఆవరణలో జింకలు కుక్కల బారిన పడిన వార్తలు చదువుతూనే ఉన్నాం. జింక మీద ప్రేమ ఉన్నవాళ్లు ఇంటి కుక్కకు వేళకు అన్నం పెట్టి రాత్రి కట్టేయండి. చేపల, కోళ్ల వ్యర్థాలు గట్టు మీద పారబోయనివ్వకండి.

ఇంకొక పని, ఎవరూ జింకతో ముడిపెట్టి చూడనిది. మీ గేదెకు, ఆవుకు గాలికుంటు టీకా తప్పకుండా వేయించండి. ఈ జబ్బు గిట్టలు చీలిన జంతువులన్నిటికీ అంటుతుంది. పశువులు మేసే లంకలోనే జింకలూ మేస్తాయి. నోరు, గిట్టలు పుండ్లు పడ్డ గేదెను కొట్టంలో కట్టి మేపుకుంటాం. అదే పుండ్లతో ఉన్న జింక మేయలేదు, కుక్క వస్తే పరుగెత్తలేదు. మేకలు, గొర్రెలు ఉన్నవాళ్లు పారుడు రోగం టీకా కూడా వేయించాలి. జింకకు మేత తీసుకెళ్లడం కన్నా ఈ సూది వెయ్యి రెట్లు మేలు.

పెట్టడం మన రక్తంలో ఉందనీ, ఆపడం మన వల్ల కాదనీ అంటారేమో. పెట్టొద్దని ఎవరన్నారు? కనుమ నాడు పశువులను కడిగి, కొమ్ములకు రంగులేసి, పొంగలి పెడతాం. ఆ పొంగలీ పిడికెడే పెట్టండి, ఆ తర్వాత పచ్చిగడ్డి వేయండి. కొత్త పంట రాగానే వరికంకుల కుచ్చులు అల్లి చూరుకు కడతాం. పిచ్చుక ఎప్పటినుంచో గింజ తినే పిట్ట, మన చూరులోనే కాపురముండే పిట్ట. దానికా కుచ్చు సరైన తిండే. పశువుకూ పిచ్చుకకూ మనతో కాపురం ఉంది. జింకకు లేదు, ఉండకూడదు.

దానికి మనం ఇవ్వగలిగింది చోటు. లంకలో సాగు చేసుకునేవాళ్లు చలికాలంలో దుబ్బులు నరికి నిప్పు పెట్టేటప్పుడు నీటి అంచున ఉన్న రెల్లును వదిలేయండి. జింక మేసేదీ, పిల్లను దాచుకునేదీ అందులోనే. పంట కాపాడుకోవడానికి మోటారు నుంచి కరెంటు తీగ లాగకండి. ఆ తీగకు పందులే కాదు, జింకలూ, తెల్లవారుజామున నీళ్లు పెట్టడానికి వెళ్లే మనుషులూ చచ్చిపోతున్నారు. గట్టు వెంట నడిచేటప్పుడు పొదల మధ్య సన్నటి బైండింగ్ తీగ ఉచ్చులుగా వంచి కనిపిస్తే, ఆ చోటు గుర్తుపెట్టుకుని అటవీ శాఖవాళ్లకు అదే రోజు చెప్పండి. ఉచ్చు ఒక్కటే ఉండదు, వరసగా ఉంటాయి. చుట్టూ ఇంకో రెండు మూడు వందల గజాలు వెతకమని కూడా చెప్పండి.