నాపా గద్యానికి ‘తమ్మపడిగ’ వ్యాఖ్య

మూలం

“అగ్నిపర్వత బూడిద నేలలో, పొగమంచుకు పైన, ఈ కొండవాలులో పండి, రాత్రివేళ చేతితో కోయబడి, ఫ్రెంచి ఓక్ పీపాల్లో ఇరవై నెలలు విశ్రమించిన క్యాబర్నే సావిన్యో ఇది. ముక్కుకు కాసిస్, దేవదారు, పెన్సిల్ ములుకు. నోటికి తడి రాయి. ఆపైన సుదీర్ఘమైన ముగింపు. మీకేం తెలుస్తోంది?”

అవతారిక

శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన, పడమట మాయకామస్ కొండలకూ తూర్పున వాకా కొండలకూ నడుమ ముప్ఫై మైళ్ల పొడవున సాగే లోయ నాపా. అక్కడ కొండమీది వైనరీకి ముందుగా సమయం తీసుకుని, రుసుము చెల్లించి వెళ్లిన ప్రతి గుంపుకూ పై గద్యం వినిపిస్తారు. ఇది ఏ ఒక్క చోటిదీ కాదు. నానా ప్రతులను పోల్చి వ్యాఖ్యాత పరిష్కరించిన పాఠం. కాసిస్ అన్నచోట బ్లాక్ చెర్రీ అనీ, పెన్సిల్ ములుకు అన్నచోట పొగాకు అనీ పాఠాంతరాలున్నాయి. ‘మీకేం తెలుస్తోంది?’ దగ్గర మాత్రం ప్రతులన్నీ ఏకీభవిస్తాయి.

ఈ పారాయణం ఎలా మొదలైందంటే, 1966లో ఓక్‌విల్‌లో వైనరీ కట్టిన రాబర్ట్ మోండావి, చూడవచ్చినవారిని వెంట తిప్పి పాఠం చెప్పడాన్ని వ్యాపారంలో భాగం చేశాడు. 1976లో పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ పెట్టిన పోటీలో ఫ్రెంచి న్యాయనిర్ణేతలే పేరు తెలియకుండా రుచిచూసి రెండు నాపా వైన్లను అగ్రస్థానంలో నిలబెట్టారు. జనం పోటెత్తారు. 1990లో కౌంటీ ప్రభుత్వం, కొత్త వైనరీలకు ముందస్తు అనుమతి లేకుండా ఎవరూ రాకూడదని నిబంధన పెట్టింది. వేళకు వచ్చేవారు, డబ్బు కట్టి వచ్చేవారు, లేచి వెళ్లలేనివారు. ఏ పౌరాణికుడికి దొరుకుతారు ఇలాంటి శ్రోతలు?

బే ఏరియా తెలుగువారింటికి అమ్మానాన్నలు వచ్చిన వేసవిలో గోల్డెన్ గేట్ వంతెన, లివర్‌మోర్ గుడి అయ్యాక వచ్చే శనివారం నాపాకే. (శివవిష్ణు ఆలయం ఉన్న లివర్‌మోర్ కూడా ద్రాక్షలోయే. వెంటీ కుటుంబం అక్కడ 1883 నుంచి వైన్ చేస్తోంది. గుడికి తీసుకెళ్లే పిల్లలు ఆ సంగతి పెద్దవాళ్ల దగ్గర ఎత్తరు.) జీవితమంతా కాలేజీ పిల్లలకు వైవా పెట్టిన మాస్టారొకరు, గ్లాసులో రెండు గుక్కల ఎర్రద్రవం పట్టుకుని, ఆ చివరి ప్రశ్న తనవైపు తిరగ్గానే కొడుకు ముఖం చూస్తారు. ఈ వ్యాఖ్యకు ప్రేరణ ఆ చూపే.

మెదక్ జిల్లా కొల్చారానికి చెందిన మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ చేసి కాళిదాస కావ్యాలకు ‘సంజీవని’ కూర్చాడు. ఈ వ్యాఖ్యాతకు ఆ రెండు నిష్ఠలూ లేవు. దీని పేరు ‘తమ్మపడిగ’. రుచిచూసే బల్లమీద ఉమ్మడానికి పెట్టే పాత్రకు మన తాంబూలాల కాలంనాటి పేరు అదే. మింగుడుపడనివన్నీ ఇందులోకి.

ప్రతిపదార్థం

రాత్రివేళ, చేతితో, కోయబడి: స్పష్టం. తేలిక మాటలు. ముందుకు పోదాం.

పొగమంచుకు పైన: ఇది తప్పుపట్టరాని పదం. హోవెల్ మౌంటెన్ అనే పేరు వేసుకోవాలంటే తోట 1,400 అడుగులకు పైన ఉండాలి. శాన్ పాబ్లో ఖాతం నుంచి వచ్చే పొగమంచు సాధారణంగా ఆ ఎత్తుకు ఎక్కదు. కొండమీద నేల పలచన, పండు చిన్నది, తోలు మందం. అందుచేత టానిన్ ఎక్కువ. టానిన్ లాలాజలంలోని ప్రోటీన్లను పట్టేసుకోవడంతో నోరు ఎండిపోయినట్టు అవుతుంది. దీనికి గైడు ‘నిర్మాణం’, ‘భుజబలం’, ‘పట్టు’ అని మూడు పేర్లు పెడతాడు. నేరేడుపండు తిన్న నాలుకకు ‘వగరు’ చాలు. మాస్టారి నోట ఆ మాట వచ్చినా దాన్ని ఇంగ్లీషులోకి దింపేలోపు గైడు పక్కవారి దగ్గరికి వెళ్లిపోతాడు.

ఈ కొండవాలులో: అధికరణార్థం. ఊరి పేరు చెబితే సరుకు గుణం చెప్పినట్టే అన్నది నాపాలో పుట్టిన ఆలోచన కాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో సురాధ్యక్షుడి విధులు చెబుతూ, మేదకం, ప్రసన్న, ఆసవం వంటివాటికి దినుసులూ పాళ్లూ లెక్కగట్టి ఇచ్చాడు. ద్రాక్షరసంతో చేసే మధువు దగ్గరికి వచ్చేసరికి, అది పుట్టిన దేశమే దానికి వ్యాఖ్యానమని తేల్చి, కాపిశాయనం, హారహూరకం అని రెండు పేర్లతో ముగించాడు. కాపిశి అంటే కాబూల్‌కు ఉత్తరాన బెగ్రామ్ ప్రాంతం. ఆ ఊరి పేరు నుంచి కాపిశాయన శబ్దాన్ని సాధించడానికే పాణిని ఒక సూత్రం వెచ్చించాడు. కాశికావృత్తి దానికిచ్చిన ఉదాహరణల్లో ఒకటి మధువు, రెండోది ద్రాక్ష. ఒక తద్ధిత ప్రత్యయంతో పాణిని ముగించిన పనికి అమెరికా ప్రభుత్వం 1981లో సరిహద్దులు గీసి ‘నాపా వ్యాలీ’ని అధికారిక ద్రాక్షప్రాంతంగా ప్రకటించింది. సీసా మీద ఆ పేరు వేయాలంటే పండులో నూటికి 85 పాళ్లు అక్కడిది కావాలి. మిగతా 15 పాళ్లకు ఏ ప్రత్యయం చేర్చాలో పాణిని చెప్పలేదు.

విశ్రమించిన: పీపా 225 లీటర్లది, సుమారు 300 సీసాల వైన్ పడుతుంది. లోపలి చెక్కను నిప్పుతో కాలుస్తారు. వనిలా వాసన, పొగ వాసన ఆ కాలిన కర్ర పుణ్యమే. పొగ వాసనకు ముఖ్యకారణం గ్వయకాల్ అనే పదార్థం. 2020లో గ్లాస్ ఫైర్ అనే కార్చిచ్చు ఈ కొండల్ని కాల్చినప్పుడు పండుకు పట్టిన పొగలోనూ ఉన్నది అదే. ఆ ఏడు చాలామంది ఎర్రవైన్ చేయడమే మానుకున్నారు. పీపా ఇస్తే గుణం, కొండ ఇస్తే దోషం.

తడి రాయి: వ్యాఖ్యాత ఈ లోయకు వచ్చిందే ఈ పదం కోసం.

రాయికి వాసన ఉందా? తెలుగువాడని చెప్పుకునే అన్నంభట్టు, తర్కసంగ్రహంలో పృథివికి లక్షణం చెబుతూ, గంధం ఉన్నదే పృథివి అన్నాడు. నీటికి గంధం లేదు, తీపి ఒక్కటే దాని రుచి. ఆరు రుచులూ, సురభి అసురభి అనే రెండు గంధాలూ మట్టివే. నీరు వాసన వేస్తే అందులో కలిసిన పృథివీకణాలది ఆ వాసన. కాబట్టి గ్లాసులో ఉన్నది ఎంత ద్రవంగా ఉన్నా, ముక్కుకు అందినదంతా పార్థివం. వాసనలో నేల తెలుస్తుందని చేతులు తిప్పుతూ చెప్పే కాలిఫోర్నియా గైడు, తనకు తెలియకుండానే నైయాయికుడు.

పూర్వపక్షి ఊరుకోడు. రాయి పృథివే కదా, దానికి వాసన ఎక్కడ ఉంది? లక్షణం రాతి దగ్గర తప్పిపోయిందే! దీనికి విశ్వనాథ పంచాననుడు న్యాయసిద్ధాంత ముక్తావళిలో ఇచ్చిన సమాధానం తర్కశాస్త్రంలోని ముచ్చటైన ఎత్తుల్లో ఒకటి. రాతిలో గంధం ఉంది, కానీ ఉత్కటంగా లేదు, అందువల్ల ముక్కుకు అందదు. లేకపోతే ఆ రాతిని కాల్చిన భస్మంలో వాసన ఎక్కడి నుంచి వచ్చింది? బూడిదకు ఉంటే దాన్ని కన్న రాతికీ ఉండాలి.

ఇప్పుడు ఉత్తరపక్షం వేల్స్ నుంచి వస్తుంది. అబరిస్విత్ విశ్వవిద్యాలయ భూగర్భశాస్త్రజ్ఞుడు అలెక్స్ మాల్ట్‌మన్, రాయికి రుచీ లేదు, వాసనా లేదు అంటాడు. వేరు పీల్చేది రాతిని కాదు, నీటిలో కరిగిన లవణాల అయాన్లను. వైన్‌లోకి చేరేసరికి అవి నాలుకకు అందనంత స్వల్పం. మరి వానపడిన రాయి వాసన? 1964లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు జాయ్ బేర్, రిచర్డ్ థామస్ ఎండిన రాళ్లనుంచి ఒక నూనెను రాబట్టి, ఆ వాసనకు పెట్రికోర్ అని పేరు పెట్టారు. అదే వాసనను చందనతైలంలోకి పట్టి కన్నౌజ్‌వాళ్లు మిట్టీ అత్తరు అని అమ్ముతారు. అంటే వాసన రాతిది కాదు, రాతిమీద పేరుకున్న నూనెది. ఇక్కడ విశ్వనాథుడు ఓడాడనుకునేవారు తర్కం చదవనివారు. నూనెలో జిడ్డు నీటిది, వాసన మట్టిది అని ఆ శాస్త్రం ఎప్పుడో పంచి పెట్టేసింది. నూనె వచ్చినా పృథివిదే గెలుపు.

ఇంతకీ గైడు ఏమన్నాడు? ఆ, తడి రాయి. అతడు చెప్పిన రాయి తడిసిందీ కాదు, ఎవరూ దాన్ని నాకిందీ లేదు.

కాసిస్: వ్యాఖ్యాతకు కోపం వచ్చే చోటు. కాసిస్ అంటే బ్లాక్ కరెంట్ పండు. ఉపమేయం కన్నా ఉపమానం వినేవారికి బాగా తెలిసిందై ఉండాలని అలంకారశాస్త్రంలో మొదటి పాఠం. భామహుడు ఉపమాదోషాలు ఏడన్నాడు, వామనుడు ఆరుకు కుదించాడు. ఖాళీ అయిన ఏడో స్థానంలో ‘అభుక్తత్వం’ చేర్చవచ్చు. తినని పండుతో పోల్చడం అని దాని లక్షణం. మాస్టారికి బ్లాక్ కరెంట్ అంటే ఊదారంగు ఐస్‌క్రీం. పోనీ అమెరికావారికి తెలుసా? తెల్ల పైన్ చెట్లకు తెగులు తెస్తుందని 1911లో ఆ మొక్క పెంపకాన్ని అమెరికా దేశమంతటా నిషేధించింది. 1966లో కేంద్రం నిషేధం ఎత్తేసి రాష్ట్రాలకు వదిలింది; న్యూయార్క్‌లో 2003దాకా నిషేధమే. బల్ల చుట్టూ నిలబడి తలలాడించేవారిలో ఆ పండు కొరికినవారు అరుదు. ఇంగ్లండులోనూ ఫ్రాన్సులోనూ పెరటిపండు కనుక అక్కడివారు రాసుకున్న ఉపమానం, సముద్రం దాటి వచ్చి ఇక్కడ పరీక్షప్రశ్న అయింది. తలాడించని మాస్టారి ముక్కుకు లోటు లేదు. లోటు కవిది.

న్యాయం కోసం ఒక మాట. వైన్ వాసనలకు పేర్లు పెట్టడమే బూటకమని ఎవరైనా అంటే వ్యాఖ్యాత ఒప్పుకోడు. డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆన్ నోబుల్ 1984లో సువాసన చక్రం గీసింది, ‘ఉదాత్తం’, ‘గంభీరం’ లాంటి గాలిమాటలు తీసేసి, గిన్నెలో పెట్టి వాసన చూపించగల వస్తువుల పేర్లు పెట్టడానికే. క్యాబర్నేలో క్యాప్సికం వాసన వేస్తే దానికి మెథాక్సిపైరజీన్ అనే కారణం ఉంది. అది మాస్టారికి కూడా తెలుస్తుంది, ఎవరైనా క్యాప్సికం అంటే.

మీకేం తెలుస్తోంది: కాకువుతో చదవాలి, తెలియదన్న ధ్వని వినేవారికి అందాలి. కానీ తెలిసినవారి సంగతీ చూద్దాం. బోర్డో విశ్వవిద్యాలయంలో వైన్‌విద్య చదివే 54 మందికి వాసన లేని రంగు కలిపిన తెల్లవైన్ ఇస్తే, వాళ్లు ఎర్రవైన్‌కు వాడే మాటలతో దాన్ని వర్ణించారని ఫ్రెడెరిక్ బ్రోషే బృందం 2001లో ప్రచురించింది. కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్ న్యాయనిర్ణేతలకు ఒకే సీసాలోది చెప్పకుండా మూడుసార్లు పోయించి, నూటికి పదిమంది మాత్రమే మార్కుల్లో నిలకడ చూపారని 2008లో రాసిన రాబర్ట్ హాడ్జ్‌సన్ స్వయంగా వైన్ తయారీదారు. అంత పండితులే తడబడే ప్రశ్న యాత్రికుడిని అడిగి, జవాబు కోసం అయిదు క్షణాలు కళ్లలోకి చూడడం ఏ శాస్త్రం?

అధ్యాహారం

మూలంలో లోపించిన పదాన్ని వ్యాఖ్యాత తెచ్చి పూరించడం అధ్యాహారం. తేలికని దాటేసిన మాటల దగ్గరికి ఇప్పుడు వెనక్కి వెళ్లాలి. ‘కోయబడి’ అన్నది కర్మణి ప్రయోగం. పండు కర్మ. చేయి కరణం. రాత్రి, కొండ అధికరణాలు. కర్త తృతీయలో ఉండాలి. లేడు. అడిగితే పీపా కర్ర ఏ ఫ్రెంచి అడవిదో చెబుతారు, మంచు ఏ ఖాతానిదో చెబుతారు. ‘ఎవరి చేతితో’ అని అడిగితే ‘మా టీమ్’ అంటారు. టీమ్: సమూహవాచకం, ఏకవచనం, లింగం లేదు, ఊరు లేదు.

పూరణ: కోసేవారిలో అత్యధికులు మెక్సికో మూలాలవారు. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా, తలకు దీపాలు కట్టుకుని, ట్రాక్టరు లైట్ల వెలుగులో, వంకర కత్తితో గుత్తి కోసి డబ్బాలో పడేస్తూ వాలులో పరుగులాంటి నడక. రాత్రి ఎందుకంటే పండు చల్లగా ఉండాలని. కొన్నేళ్లుగా తోటల యజమానులు ఎకరానికి ఇంత అని తమమీద తామే పన్ను వేసుకుని కూలీల వసతిగృహాలకు సొమ్ము సమకూరుస్తున్నారు. అది చెప్పుకోదగ్గ పనే, అయినా గద్యంలోకి ఎక్కలేదు. ఇక ష్రామ్స్‌బర్గ్, బెరింజర్ లాంటి పాత వైనరీల చల్లని గుహలను 19వ శతాబ్దంలో తవ్వింది చైనా కూలీలు. 1882లో అమెరికా చట్టం చేసి చైనా కూలీలను దేశంలోకి రానివ్వడం మానేసింది. చరిత్రలో వాళ్లు కూడా ఒక్క బహువచనం.

ఫలశ్రుతి

ఈ గద్యం విన్నవారికి బయటికి వెళ్లే దారిలో వైన్ క్లబ్ పత్రం ఇస్తారు. సంతకం చేసినవారికి ఏడాదికి కొన్నిసార్లు పెట్టె ఇంటికి వస్తుంది. అందుకోవడానికి 21 ఏళ్లు నిండినవారు గుమ్మంలో ఉండి మరో సంతకం చేయాలి. పెట్టె విప్పితే సీసా మీద ఆల్కహాలు ఎంతో, సల్ఫైట్లు ఉన్నాయో, గర్భిణులు ఎందుకు తాగకూడదో, సీసాలో నింపినవారి పేరూ ఊరూ ఏమిటో ఉంటాయి. ఇవన్నీ చట్టం అడిగినవి. కోసినవారి పేరు చట్టం అడగలేదు. వెనుక చీటీలో నాలుగు వరుసల చోటు మిగిలితే, పెన్సిల్ ములుకు గురించి రాశారు.